లండను మురుగును ఎత్తిపోసిన ఇంజనీరు: జోసెఫ్ బజల్‌జెట్టు

నీరు పల్లమెరుగునని మనవారందురు. కాని ఊరే పల్లములో నున్నప్పుడు, ఆ ఊరిలో ఇరువదైదు లక్షల జనము కాపురమున్నప్పుడు, ఆ నీరు వంటయిండ్లనుండియు పాయిఖానాలనుండియు వచ్చు మురుగు అయినప్పుడు, అది ఎటు పోవలెను? పందొమ్మిదవ శతాబ్ది నడిమి కాలమున లండను మహానగరమునకు ఈ ప్రశ్న ప్రాణసంకటమై కూర్చుండెను. దానికి సమాధానమును కాగితముపై గీచి, ఇటుకలతో కట్టి, ఆవిరి యంత్రములతో నడిపించి చూపినవాడు సర్ జోసెఫ్ విలియం బజల్‌జెట్టు. వంతెనలు కట్టినవారిని, రైలుమార్గములు వేసినవారిని లోకము సులభముగా జ్ఞాపకముంచుకొనును. ఈతని పనిలో ముఖ్యభాగము భూమిలో పూడియుండుటచే, ఈతని పేరు చాలకాలము ఇంజనీర్ల మధ్యనే నిలిచిపోయెను.

బజల్‌జెట్టు 1819 మార్చి 28వ తేదీన లండనుకు ఉత్తరముననున్న ఎన్‌ఫీల్డు ప్రాంతమున జన్మించెను. తాత ఫ్రాన్సు దేశమునుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడి, రాకుమారునికి దుస్తులు కుట్టించి ధనము గడించినవాడు. తండ్రి నౌకాదళములో ఉద్యోగి. బాలుడు ఇంజనీరింగు విద్యను కళాశాలలో గాక, ఆనాటి వాడుక ననుసరించి, సర్ జాన్ మెక్నీల్ అను ఇంజనీరు కడ శిష్యరికము చేసి నేర్చుకొనెను. ఐర్లండులో బురద నేలలనుండి నీరు తీయించు పనులు చూచెను. నేలకు ఎంత వాలున్న నీరు కదలును, ఎంత తగ్గిన నిలిచి కుళ్లును అను జ్ఞానము అతనికి అక్కడనే చేతికందెను.

1842లో లండనులో స్వంత కార్యాలయము తెరచెను. అవి రైలుమార్గముల వెఱ్ఱి ప్రబలిన దినములు. ఇంజనీర్లకు రాత్రింబవళ్లు తీరిక లేదు. ఆ శ్రమకు తాళలేక 1847లో బజల్‌జెట్టు ఆరోగ్యము పూర్తిగా చెడి, పని మానుకొని పల్లెటూర విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. తిరిగి లేచినపిదప 1849లో లండను మురుగుకాలువల కమీషనులో సహాయ సర్వేయరుగా చేరెను. రైళ్లవలన చెడిన మనిషి మురుగుకాలువలలో కుదుటపడెను. పై అధికారియైన ఫ్రాంక్ ఫాస్టర్ 1852లో మరణింపగా ఆ భారము ఇతనిపై పడెను. 1856లో మెట్రోపాలిటన్ బోర్డు ఆఫ్ వర్క్సు అను క్రొత్త సంస్థ పని ప్రారంభించినప్పుడు దానికి ముఖ్య ఇంజనీరయ్యెను. ఆ పదవిలో ముప్పదిమూడేండ్లు ఉండెను.

అప్పటి లండను స్థితి ఎట్టిదో తెలియనిదే అతని పని అర్థము కాదు. పూర్వము ఇండ్ల క్రింద మలము నిలువచేయు గోతులుండెడివి. అట్టివి నగరమున రెండు లక్షలకు పైగా నుండెనని లెక్క. రాత్రివేళ మనుషులు వచ్చి వానిని ఎత్తి, బండ్లమీద పొలములకు తోలుకొనిపోయెడివారు. నీటితో కడుగు పాయిఖానాలు వ్యాపించినకొలదియు ఆ గోతులు పొంగసాగెను. 1848 ప్రాంతమున అధికారులు గోతులు పూడ్పించి, ప్రతి ఇంటి మురుగును వీధికాలువలో కలుపవలసినదిగా శాసించిరి. సద్బుద్ధితో చేసిన పనియే. కాని ఆ వీధికాలువలన్నియు థేమ్సు నదిలోనికే దిగుచుండెను. ఇండ్లు శుభ్రపడెను, నది మురుగుకాలువయయ్యెను. అనేకులకు త్రాగునీరు ఆ నదినుండియే వచ్చుచుండెను. 1848, 49 సంవత్సరములలో వచ్చిన కలరాకు లండనులో పదునాలుగు వేలమంది, 1853, 54లలో వచ్చినదానికి పదివేలమందికి పైగా బలియైరి. 1855లో మైకేల్ ఫారడే పండితుడు పడవలో పోవుచు తెల్లని కాగితపు ముక్కలను తడిపి నదిలో వేసి చూచెను. అంగుళము లోతు మునుగకముందే అవి కంటికి కానరాకపోయెనట!

దీనికి తోడు థేమ్సు సముద్రపు పోటు వచ్చు నది. లండను వంతెన దగ్గర దినమునకు రెండుమారులు నీరు పెక్కడుగులు పెరిగి తగ్గుచుండును. దక్షిణపు ఒడ్డున లాంబెత్, సదర్క్, బెర్మండ్సీ పేటలు పోటునీటి మట్టముకంటె తక్కువ ఎత్తున నున్నవి. పోటు వేళ కాలువల మూతితలుపులు మూసికొనును. లోపలి మురుగునకు దారి యుండదు. అది వెనుకకు తన్ని బీదవారి నేలమాళిగలలో తేలును. పాటు వేళ తలుపు తెరచుకొని నదిలో దిగిన మురుగును మరల వచ్చు పోటు నగరమునకే తెచ్చి అప్పగించును. సముద్రమునకు చేరుటకు దానికి దినముల తరబడి పట్టుచుండెను.

బజల్‌జెట్టు పథకము చెప్పుటకు సులభము. నదికి అడ్డముగా దిగు పాత కాలువలన్నిటిని, నదికి సమాంతరముగా తూర్పునకు పోవు పెద్ద కాలువలతో నడుమనే అడ్డగించి, మురుగునంతటిని లండను వంతెనకు పది మైళ్లకు పైగా దిగువకు కొనిపోయి, పాటు ఆరంభమగు సమయమున వదలిపెట్టుట. ఇట్టి ఆలోచన అంతకుముందు కొందరికి తోచకపోలేదు. దానిని కట్టదగిన పథకముగా లెక్కకట్టి నిలువబెట్టుట ఇతని ఘనత. అయినను రెండేండ్లపాటు ప్రభుత్వమునకు బోర్డునకు మధ్య కాగితములే తిరిగెను. మురుగు బయటపడు చోటు ఎంత దూరమున నుండవలెననియు, ఆ ఖర్చు ఎవరు భరింపవలెననియు వాదము. 1858 వేసవిలో ఎండలు ముదిరి, నది దుర్గంధము పార్లమెంటు భవనమున ప్రవేశించెను. తెరలను సున్నపు ద్రావకములో ముంచి కిటికీలకు కట్టినను సభ్యులు కూర్చుండలేకపోయిరి. ఆర్థికమంత్రి డిజ్రేలీ తెచ్చిన బిల్లు జూలై 15న సభకు వచ్చి ఆగస్టు 2వ తేదీనాటికి చట్టమయ్యెను. ముప్పది లక్షల పౌనులు అప్పు తెచ్చుకొనుటకు బోర్డునకు అధికారము లభించెను. బీదల పేటలలో వేలమంది చచ్చినప్పుడు కదలని బండి, సభవారి ముక్కులకు వాసన సోకగానే కదలినది.

ఇక పథకములోని కీలకమును కొంచెము నిదానముగా చూడవలెను. మురుగుకాలువ కేవలము వాలుపై ఆధారపడినది. వాలు చాలనిచో నీరు నెమ్మదించి మడ్డి అడుగున దిగును. తక్కువ ఎత్తునగల కాలువలకు బజల్‌జెట్టు మైలుకు రెండడుగుల వాలు ఉంచెను. మైలుకు రెండడుగులే యనిపించును గాని, కాలువ మైళ్లకొలది పోయినకొలది ఆ రెండేసి అడుగులు కూడి, కాలువ నేలలో లోతుగా దిగిపోవును. చివరకు నదిమట్టము పైనను కాలువమట్టము క్రిందను ఉండును. అప్పుడు మురుగును ఎత్తిపోయక తప్పదు. ఎత్తుటకు ఆవిరి కావలెను, ఆవిరికి బొగ్గు కావలెను, బొగ్గునకు ఏటేట ధనము కావలెను. ఈ ఖర్చు కట్టడము పూర్తియైనంత మాత్రమున తీరునది కాదు.

కనుక అతడు నగరమును ఎత్తునుబట్టి అంచెలుగా విభజించెను. ఉత్తరపు ఒడ్డున మెరకనేలకు ఒక కాలువ, నడిమి నేలకు ఒకటి, నదీతీరపు పల్లమునకు ఒకటి. మొదటి రెండింటి నీరు తన బరువుచేతనే తూర్పునకు పోవును. దానికి పంపు అక్కరలేదు. పల్లపు కాలువ నీటిని మాత్రము ఆబీ మిల్స్ అను చోట 36 అడుగులు ఎత్తి, పై కాలువలతో కలుపవలెను. దక్షిణమున డెట్‌ఫర్డు దగ్గర పల్లపు నీటిని 18 అడుగులు ఎత్తవలెను. అక్కడనుండి మొత్తము మురుగు ఒకే కాలువగా క్రాస్‌నెస్ చేరును. ఆ చిత్తడినేలలో దానినంతటిని మరల ఎత్తి జలాశయమున నింపి, పాటు కొరకు వేచియుండవలెను. మెరకనీటిని పల్లమునకు జారవిడిచి అక్కడ మొత్తమును ఎత్తుట అవివేకము. ఎత్తవలసిన దానిని మాత్రమే ఎత్తుట అతని సూత్రము. తరువాతికాలపు ఇంజనీర్లు పంపుస్టేషనుకు చోటు నిర్ణయించునప్పుడు మొట్టమొదట చూచుకొను విషయమిదియే.

పంపు ఎంత పెద్దది కావలెను? ఇది రెండవ ప్రశ్న. ఒక్కొక్క మనిషికి దినమునకు సుమారు 30 గ్యాలనుల మురుగని అతడు లెక్కవేసికొనెను. అనగా గంటకు గ్యాలనుంబావు. కాని జనులు మురుగును గంటలవారీగా సమముగా పంచి విడువరు. ఉదయము లేచి అందరును ఒక్కమారే నీరు వాడుదురు. దినపు మురుగులో సగము ఆరుగంటల కాలములోనే వచ్చునని అతడు గ్రహించెను. అట్లైన ఆ ఆరుగంటలలో గంటకు రెండున్నర గ్యాలనులు, సగటుకు సరిగా రెట్టింపు! పంపును సగటుకు కట్టినవాడు ప్రతి ఉదయమును నగరమును ముంచును. అంతేగాక, ఆనాటి జనమునకు గాక, పెరుగబోవు జనమునకై ముప్పదినాలుగున్నర లక్షలమంది లెక్కన కాలువల కొలతలు నిర్ణయించెను. వాననీటికి దినమునకు పావు అంగుళము లెక్కగట్టెను. అంతకు మించి కురిసినచో మిగులు నీరు పాతకాలువలద్వారా నదిలో పడిపోవునట్లు విడిచెను. ప్రతి గాలివానకును తగిన పంపు కట్టవలెనన్న ఏ నగరపు ఖజానాయు చాలదు. అతడు వచ్చిన కొలతలన్నిటిని ఉత్సాహము కొలది రెట్టించి వేసెనని ఒక కథ వాడుకలో నున్నది. వినుటకు బాగుండును. కాని అతడు ఇంజనీర్ల సంఘమున చదివిన పత్రములో కనబడునది ఇట్టి ఊహ కాదు, వరుసగా పేర్చిన లెక్క.

క్రాస్‌నెస్ పంపుస్టేషనును 1865 ఏప్రిల్ 4వ తేదీన వేల్సు రాకుమారుడు ప్రారంభించెను. అందు జేమ్సు వాట్ కంపెనీవారు చేసిన నాలుగు ఆవిరి యంత్రములుండెను. వానికి విక్టోరియా, ప్రిన్స్ కాన్‌సర్ట్, ఆల్బర్ట్ ఎడ్వర్డ్, అలెగ్జాండ్రా అని రాజకుటుంబపు పేర్లు పెట్టిరి. మన పల్లెలలో ఏతమును చూచినవారికి ఈ యంత్రపు పోకడ వెంటనే తెలియును. నడుమ ఆనికపై ఊగు ఒక దూలము. ఏతమున మనిషి ఆ దూలముమీద నడచుచు దానిని ఊపును. ఇక్కడ ఒక కొనను ఆవిరి త్రోయును. ఏతమున బాన యుండు చోట ఇక్కడ పంపుల ముషలకములుండును. అయితే ఈ దూలము ఇనుపది, బరువు 47 టన్నులు. ఊపు సమముగా సాగుటకు దానికి కూర్చిన చక్రము 52 టన్నులు. నిమిషమునకు పదునొకండు చుట్లు తిరుగుచు, ఒక్కొక్క ఊపునకు ఒక్కొక్క యంత్రము ఆరు టన్నుల మురుగును ఎత్తి, ఆరున్నర ఎకరముల జలాశయములో పోయుచుండెను. గుడ్డపీలికలు, కఱ్ఱముక్కలు పంపులలో చిక్కుకొనకుండ ముందుగా ఇనుప ఊచల జల్లెడలు ఏర్పరచిరి. ఆ జల్లెడలలో తగిలిన చెత్తను తీయుట అక్కడి పనివారి దినకృత్యములలో కెల్ల హీనమైనది. అది లేనిదే ఆ మహాయంత్రములు ఒక్క దినమైనను నడువవు. ఇంత మురికిపనికి కట్టిన ఇల్లు లోపల చిత్రవర్ణములు పూసిన ఇనుప స్తంభములతో, లతలు పూవుల జాలరులతో దేవాలయమువలె వెలుగుచుండెను.

కాలువలను ఇటుకతో కట్టిరి. మొత్తము పనికి 31 కోట్ల 80 లక్షల ఇటుకలు పట్టెను. పెద్ద కాలువల పొడవు 82 మైళ్లు. అప్పటికి క్రొత్తదైన పోర్ట్‌లాండు సిమెంటును వాడుటకు బజల్‌జెట్టు సాహసించెను. అది తడిలోనే గట్టిపడునది గాని, కాల్చుటలో ఏమాత్రము లోపమున్నను పనికిరాకపోవును. అందుచేత అతని సహాయకుడైన జాన్ గ్రాంటు వచ్చిన సరకును అచ్చులు పోయించి, లాగి తెంపి, బలము కొలిచి, సరిపడనిదానిని త్రిప్పి పంపుచుండెను. ఇట్టి పరీక్షలు వేలకొలది జరిగెను. కట్టడపు పనులలో సరకును పరీక్షించి పుచ్చుకొను ఆచారమునకు ఇది మంచి నాంది.

ఉత్తరమున ఆబీ మిల్స్ స్టేషను మాత్రము ఆలస్యమయ్యెను. పల్లపు కాలువను విక్టోరియా గట్టు క్రిందుగా తేవలసియుండుట, ఆ గట్టు పని ఇంకను సాగుచుండుట అందుకు కొంత కారణము. ఇట్లుండగా 1866 వేసవిలో కలరా మరల వచ్చెను. ఈసారి అది నగరమంతట వ్యాపింపలేదు. క్రొత్త కాలువలు పనిచేయుచున్న పేటలలో స్వల్పముగా తాకి, తూర్పున కూలివారు ఇరుకుగా బ్రదుకు పేటలపై విరుచుకొనిపడెను. అక్కడ 5,596 మంది మరణించిరి. జనన మరణముల లెక్కలు వ్రాయు విలియం ఫార్ పటము ముందుంచుకొని చూడగా, చావులన్నియు ఇంచుమించు ఒక నీటి కంపెనీ నీరిచ్చు వీధులలోనే గుమిగూడియుండెను. ఆ కంపెనీ లీ నది పక్కనున్న మూతలేని మడుగులనుండి వడపోయని నీటిని జనులకు వదలెనని విచారణలో తేలెను. ఆ ప్రాంతపు మురుగు ఇంకను పాతరీతిగా లీ నదిలోనే పడుచుండెను. దానిని తప్పింపవలసిన పంపుస్టేషను గోడలు ఇంకను లేచుచుండెను. ఫార్ విచారింపగా, సరిగా ఆ భాగమునకే తన పని ఇంకను చేరలేదని బజల్‌జెట్టు ఒప్పుకొని, తాత్కాలికముగా అక్కడ పంపులు పెట్టించుటకు పూనుకొనెను. ఎనిమిది యంత్రముల ఆబీ మిల్స్ స్టేషను 1868లో పూర్తియయ్యెను.

కలరా నీటివలన వచ్చునని జాన్ స్నో వైద్యుడు 1854లోనే వీధిపంపు ఉదాహరణతో చూపియుండెను. పెద్దలు నమ్మలేదు. దుర్వాసనయే రోగమని వారి మతము. బజల్‌జెట్టు పథకమును మంజూరు చేసినవారును వాసనకు వెరచియే మంజూరు చేసిరి. కారణము తప్పుగా తెలిసికొని చేసిన చికిత్స, మురుగునకును త్రాగునీటికిని సంబంధము తెంచివేయుటచే, రోగమునకు సరియైన మందయ్యెను. వైద్యశాస్త్ర చరిత్రలో ఇట్టి అదృష్టములు అరుదు.

ఇతని పనిలో లోపము లేదనుట సరికాదు. మురుగును అతడు దూరముగా కొనిపోయెనే గాని శుద్ధి చేయలేదు. 1878 సెప్టెంబరు 3న ప్రిన్సెస్ ఆలిస్ అను విహారనౌక ఆ మురుగు బయటపడు తావుల దాపున వేరొక ఓడను ఢీకొని మునిగి, ఆరువందలకు పైగా ప్రాణములు పోయెను. అంతకు కొంచెము ముందే మురుగు వదలియుండుటచే, ఈదగలవారుకూడ ఆ కుళ్లునీటిలో నశించిరని జనులు గోలపెట్టిరి. తరువాత రాజనియుక్త సంఘము విచారించి, పచ్చి మురుగును నదిలో వదలరాదనెను. బజల్‌జెట్టు మొదట తన పద్ధతినే సమర్థించుకొనెను. పిమ్మట రసాయనములతో మడ్డిని వేరుచేసి ఓడలలో సముద్రమునకు తరలించు ఏర్పాటు ఆతని కాలముననే జరిగెను. 1887లో ఆ పనికై వచ్చిన మొదటి ఓడకు అతని పేరే పెట్టిరి. మడ్డిని సముద్రములో పారవేయుట 1998 వరకు సాగెను.

అతని ఇతర నిర్మాణములను గూర్చి వేరుగా వ్రాయవచ్చును. థేమ్సు ఒడ్డున విక్టోరియా, ఆల్బర్ట్, చెల్సీ గట్లు మూడును ఇతనివే. నదినుండి 52 ఎకరముల నేల వానివలన తిరిగివచ్చెను. 1875లో పశ్చిమ పంపుస్టేషనుతో మురుగు పథకము ముగిసెను. ఆ ఏడే సర్ బిరుదము వచ్చెను. 1883లో ఇంజనీర్ల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1889లో బోర్డు రద్దయి కౌంటీ కౌన్సిలు ఏర్పడగా ఉద్యోగము విరమించి, 1891 మార్చి 15న వింబుల్డన్‌లో కన్నుమూసెను. మరుసటేడు జర్మనీలోని హాంబుర్గులో కలరా ఎనిమిదివేలమందికి పైగా చంపెను. ఆ రేవునకును లండనుకును నిత్యము ఓడల రాకపోకలుండినను లండనులో అది పాకలేదు.

ఆబీ మిల్స్‌లో ఆవిరికి బదులు విద్యుచ్ఛక్తి 1930 తరువాత వచ్చెను. క్రాస్‌నెస్ యంత్రములు 1956లో ఆగి, తుప్పుపట్టి పడియుండగా, స్వచ్ఛంద సేవకులు ఏండ్లతరబడి తోమి, నూనెపెట్టి, ప్రిన్స్ కాన్‌సర్టును 2003లో మరల త్రిప్పిరి. అతడు లెక్కలో మిగులు వాననీటికి విడిచిన దారులు, జనము అంచనాకు రెట్టింపు మించి పెరుగుటచే, చిన్నవానకే నదిలోనికి మురుగు వదలసాగెను. దానిని పట్టుటకై త్రవ్విన థేమ్సు టైడ్‌వే సొరంగమునకు 2025లో కాలువలన్నియు కలిపిరి. ఆ సొరంగము తూర్పున ముగియుచోటు ఆబీ మిల్స్. విక్టోరియా గట్టుమీద నదివైపు గోడలో బజల్‌జెట్టు కంచుప్రతిమ యొకటి గలదు. దానికి దాపున, గట్టులోపల, పల్లపు కాలువ ఆబీ మిల్స్ పంపులకు మైలుకు రెండడుగుల వాలున దిగిపోవుచున్నది.